కూల్చడానికి డబ్బుల్లేక మిగిలిపోయిన ఊరు

చెస్కీ క్రుమ్లోవ్ అనే పేరు వినకపోయినా దాని ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. గుంపుగా ఎర్ర పెంకుల కప్పులు, వాటి చుట్టూ పాములా మెలిక తిరిగిన నది, ఎదురుగా బండ మీద రంగులేసిన గుండ్రటి బురుజు. చెక్ దేశంలో, ప్రాగ్‌కి దక్షిణంగా 170 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, బస్సులో మూడు గంటలు పడుతుంది, ఇంకాస్త ముందుకు పోతే ఆస్ట్రియా సరిహద్దు. జనాభా సుమారు 13 వేలు, మన లెక్కలో ఓ చిన్న మండల కేంద్రం. 1992లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. యూరప్‌లో ఉండే మనవాళ్ళు ప్రాగ్, వియన్నా ట్రిప్ వేసుకున్నప్పుడు మధ్యలో ఓ పూట ఇక్కడ దిగి, వంతెన మీద నాలుగు ఫొటోలు తీసుకుని, "ఎంత బాగా కాపాడుకున్నారండీ, మనకే ఆ శ్రద్ధ లేదు" అని పోస్టు పెట్టేస్తుంటారు.

ఆ "కాపాడుకున్నారు" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఎవరు కాపాడుకున్నారు? ఆ ఇళ్ళు కట్టినవాళ్ళ మనవలు ఇవాళ ఆ ఊళ్ళో దాదాపుగా లేరు. కోట కట్టినవాళ్ళ వంశం నాలుగు వందల ఏళ్ళ క్రితమే అంతరించింది. మధ్యలో ఒకసారి ఊరికి ఊరే ఖాళీ అయి కొత్త జనంతో నిండింది. ఇదంతా జరుగుతున్నా గోడలు మాత్రం అలాగే ఉన్నాయి. అదెలా సాధ్యమైందో చూద్దాం, ఎందుకంటే అది ఒక్క కారణంతో తెగే ముడి కాదు, ఇప్పుడు ఆ ఊరు పడుతున్న తంటాలన్నిటికీ మూలం కూడా అందులోనే ఉంది.

ముందు నది సంగతి. వల్తావా ఇక్కడికి వచ్చేసరికి తిన్నగా పారలేక, గుర్రపు నాడాలాగా రెండు మెలికలు తిరుగుతుంది. క్రుమ్లోవ్ అన్న పేరే పాత జర్మన్‌లో "వంకర పచ్చిక" అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మెలిక లోపల ఊరు, బయట ఒడ్డున నిలువు బండ మీద కోట, కోట కింద కొలువులో పనిచేసేవాళ్ళకని వెలసిన లట్రాన్ అనే పేట. మూడు వైపులా నీళ్ళు ఉండటం వల్ల ఊరికి పెరగడానికి చోటు లేదు. 13వ శతాబ్దంలో గీసిన వీధుల గీత ఆ తర్వాత మారకపోవడానికి ఇదో కారణం, మార్చాలన్నా ఎటు మారుస్తారు?

ఊరికి వైభవం తెచ్చింది రోజ్మ్‌బెర్క్ వంశం. 1302 నుంచి 1602 దాకా, సరిగ్గా మూడు వందల ఏళ్ళు, ఈ కోటే వాళ్ళకి గద్దె. చెక్ రాజ్యంలో రాజు తర్వాత అంతటి ఆస్తి, పలుకుబడి ఉన్నవాళ్ళు. వాళ్ళ గుర్తు అయిదు రేకుల గులాబీ, ఇప్పటికీ ఊళ్ళో ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది. 16వ శతాబ్దంలో విలేమ్ అనే ఆయన హయాంలో ఇటలీ నుంచి మేస్త్రీలు వచ్చి పాత గోథిక్ (మధ్యయుగపు శైలి) కోటని రినైసాన్స్ అనే అప్పటి కొత్త పద్ధతిలోకి తిప్పారు, ప్రభువును చూసి ఊళ్ళో షావుకార్లు కూడా తమ ఇళ్ళ ముఖాలు మార్చుకున్నారు. ముఖాలు అనే ఎందుకంటున్నానంటే, మారింది చాలావరకు ముందు గోడే. లోపల కమానులు, నేలమాళిగలు ఎన్నో గోథిక్ కాలానివే.

ఈ గోడల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. కోట లోపలి ప్రాంగణాల్లో నిలబడి చూస్తే చెక్కిన రాతి దిమ్మెలు పేర్చి కట్టినట్టుంటుంది, గూళ్ళలో విగ్రహాలున్నట్టుంటుంది. దగ్గరికెళ్ళి చూస్తే అంతా చదును గోడ. రాయి లేదు, గూడు లేదు, విగ్రహం లేదు, ఉన్నది రంగు, నీడ గీసిన నేర్పు. ఊళ్ళో ఇళ్ళ మీద ఇంకో పద్ధతి కూడా కనిపిస్తుంది, దాన్ని స్గ్రాఫీతో అంటారు: ముందు ముదురు రంగు పూత పూసి, దాని మీద సున్నం తెల్లగా పట్టించి, అది తడారకముందే మొనతో గీకితే కింది నలుపు బయటపడి బొమ్మవుతుంది. రాయి కొనే స్తోమత లేని చోట రాయి ఉన్నట్టు చూపించే తెలివి ఇది. అంటే ప్రపంచమంతా వచ్చి చూసే ఆ గోడల అందం మొదటి నుంచీ కాస్త బడాయే, అందులో తప్పేం లేదనుకోండి. తర్వాత 1748లో జోసెఫ్ లెడెరర్ అనే చిత్రకారుడు కోటలో మారువేషాల నాట్యశాల గోడల నిండా నిలువెత్తు మనుషుల్ని గీశాడు, అక్కడ నిలబడితే ఖాళీ హాలు కూడా జనంతో కిటకిటలాడుతున్నట్టుంటుంది.

ఇక పతనం. విలేమ్ తమ్ముడు పెట్ర్ వోక్‌కి పిల్లల్లేరు, అప్పులు మాత్రం బోలెడు. ఆయన క్రుమ్లోవ్‌ని చక్రవర్తి రెండో రుడాల్ఫ్‌కి అమ్మేసి 1602లో ట్రెబోన్ అనే మరో ఊరికి మకాం మార్చేశాడు. చక్రవర్తి తర్వాత 1622లో ఎగ్గెన్‌బర్గ్ వంశంవాళ్ళు, 1719లో ష్వార్జెన్‌బర్గ్ వంశంవాళ్ళు వచ్చారు. వీళ్ళకి డబ్బు లేక కాదు, కావలసినంత ఉంది, కానీ వాళ్ళకి క్రుమ్లోవ్ చాలా ఎస్టేట్లలో ఒక ఎస్టేటు మాత్రమే. రాజధానిలాంటి ఊరు మేనేజరు ఉండే ఊరైపోయింది.

ఇక్కడే నాకు భలే నచ్చే విషయం ఒకటుంది. 19వ శతాబ్దంలో ష్వార్జెన్‌బర్గ్‌లకి కోటని కొత్త ఫ్యాషన్‌లో, ఇంగ్లాండు విండ్సర్ కోటలాగా తిరగకట్టాలన్న సరదా పుట్టింది. పుట్టింది కానీ ఆ సరదా అంతా ఉత్తరాన ఉన్న హ్లుబొకా అనే తమ ఇంకో కోట మీద తీర్చుకున్నారు. 1840లో పని మొదలుపెట్టి మూడు దశాబ్దాలు దాన్ని పడగొట్టి కట్టారు. ఇప్పుడు హ్లుబొకా చూస్తే తెల్లగా, కేకులా ఉంటుంది, దాని పాత రూపం ఎలా ఉండేదో బొమ్మల్లో వెతుక్కోవాలి. క్రుమ్లోవ్ మీద ఆ ప్రేమ పడలేదు కాబట్టి బతికిపోయింది. పాత కట్టడాలకి నిర్లక్ష్యం కన్నా ఓనరు ఉత్సాహమే ఎక్కువ ప్రమాదం అని నేననడం లేదు గానీ, ఈ రెండు కోటల్ని పక్కపక్కన పెడితే మాత్రం అలాగే అనిపిస్తుంది.

కోటలోని నాటకశాల కథా ఇంతే. ఎగ్గెన్‌బర్గ్‌లు 1680లలో కట్టించారు, ష్వార్జెన్‌బర్గ్‌లు 1766 నాటికి పూర్తిగా కొత్త సరంజామాతో నింపారు. వేదిక కింద చెక్కతో చేసిన పెద్ద ఇరుసు ఉంటుంది, దానికి తాళ్ళు, ఆ తాళ్ళకి వేదికకి రెండు పక్కలా నిలబెట్టిన బొమ్మల తెరలన్నీ కట్టి ఉంటాయి. కింద కొందరు మనుషులు ఇరుసు తిప్పితే పైన అడవి కాస్తా ఒక్కసారిగా, తెర దించకుండానే, ప్రేక్షకుడి కళ్ళముందే రాజమహలైపోతుంది. ఆ యంత్రం, ఆ తెరలు, నటుల దుస్తులు, వర్షం చప్పుడు చేసే సాధనాలు, సంగీతం రాసిన కాగితాలు అన్నీ ఉన్నాయి. ఇంత నిండుగా మిగిలిన ఆ కాలపు నాటకశాలలు ఐరోపాలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, రెండో పేరు చెప్పమంటే స్వీడన్‌లోని డ్రొట్నింగ్‌హోమ్ అంటారు. మిగతా చోట్ల నాటకాలు ఆగలేదు, అందుకని గ్యాస్ దీపాలు వచ్చాయి, కరెంటు వచ్చింది, కొత్త యంత్రాలు వచ్చాయి, లేదా కొవ్వొత్తి అంటుకుని అంతా తగలబడింది. ఇక్కడ ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ తగ్గి తాళం పడింది. తాళం పడింది కాబట్టి మిగిలింది.

అదే కాలంలో పక్కన ఏం జరిగిందో చూస్తే ముడి ఇంకాస్త విడుతుంది. పాతిక కిలోమీటర్ల దూరంలోని చెస్కే బుదేయొవిత్సే నుంచి ఆస్ట్రియాలోని లింజ్‌కి 1832 నాటికే గుర్రాలు లాగే రైలు దారి పడింది, 1848లో హార్ట్‌ముట్ పెన్సిళ్ళ కంపెనీ వియన్నా నుంచి అక్కడికి మారింది. ఆ కంపెనీ చేసిన పసుపు పెన్సిలే కోహినూర్, మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే వజ్రం పేరే దానికి పెట్టారు, మన చిన్నప్పటి డ్రాయింగ్ బాక్సుల దాకా వచ్చిన పేరు. బుదేయొవిత్సే అలా ఫ్యాక్టరీలతో పెరిగిపోతే క్రుమ్లోవ్‌కి రైలు 1891లో గానీ రాలేదు, వచ్చినా స్టేషను ఊరి పైన, గట్టు మీద ఎక్కడో పెట్టారు. నది లోయలో ఆ మెలికల మధ్య పట్టాలు వేయడం ఎవరి తరం? ఈ ప్రాంతంలో పెద్ద పరిశ్రమ అంటే స్పీరో కుటుంబం పేపర్ మిల్లు, అది కూడా నదికి ఎగువన వెట్ర్నీ అనే పక్క ఊళ్ళో పెట్టారు. చిమ్నీ, పొగ, కూలీల క్వార్టర్లు, వాసన అన్నీ అటు పోయాయి. ఊరు పేదగా, నిశ్శబ్దంగా మిగిలింది.

ఎంత నిశ్శబ్దంగా అంటే 1910 ప్రాంతంలో ఎగాన్ షీలే అనే ఆస్ట్రియా చిత్రకారుడు ఈ ఊరి బొమ్మలు గీసి వాటికి "చచ్చిన ఊరు" అని పేరు పెట్టాడు. ఆయన తల్లిది ఈ ఊరే. 1911లో స్నేహితురాలితో ఇక్కడ కాపురం పెట్టాడు, పెళ్ళి కాకుండా కలిసి ఉండటం, ఊరి ఆడపిల్లల్ని బొమ్మల కోసం కూర్చోబెట్టడం జనానికి నచ్చలేదు, కొన్ని నెలల్లోనే వెళ్ళగొట్టారు. ఇప్పుడు అదే ఊళ్ళో ఆయన పేరు మీద పెద్ద ఆర్ట్ సెంటరు ఉంది, టికెట్ పెట్టి చూపిస్తారు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. అప్పటికి ఊళ్ళో ఎక్కువమంది మాట్లాడేది జర్మన్. క్రుమావు అనేవాళ్ళు ఊరిని. 1938 మ్యూనిక్ ఒప్పందంతో హిట్లర్ ఈ సరిహద్దు ప్రాంతాన్ని తనలో కలుపుకున్నాడు, చెక్ కుటుంబాలు చాలావరకు లోపలికి పారిపోయాయి, యూదుల సమాజం తుడిచిపెట్టుకుపోయింది, ప్రార్థనా మందిరం మాత్రం నిలబడి ఉంది. 1945లో లెక్క తిరగబడింది. చెకొస్లొవేకియా నుంచి సుమారు 30 లక్షల మంది జర్మన్లని వెళ్ళగొట్టారు, వాళ్ళలో ఈ ఊరివాళ్ళూ ఉన్నారు. తరతరాలుగా ఉన్న ఇంటికి తాళం చెవి వదిలేసి, చేతికందిన సామానుతో వెళ్ళిపోయారు. ష్వార్జెన్‌బర్గ్‌ల విషయం మరీ విచిత్రం. యజమాని అడాల్ఫ్ నాజీలకి వ్యతిరేకి, 1940లో నాజీల రహస్య పోలీసు గెస్టాపో ఆయన ఆస్తి లాక్కుంది, యుద్ధం అయ్యాక తిరిగి ఇస్తారనుకుంటే 1947లో చెకొస్లొవేకియా పార్లమెంటు ఒక్క ఆ వంశం కోసమే ప్రత్యేకంగా చట్టం చేసి అంతా ప్రభుత్వపరం చేసింది. ఒకే ఆస్తిని ఏడేళ్ళ తేడాతో రెండు వైపులవాళ్ళూ లాక్కోవడం అంటే ఇదే.

ఖాళీ ఇళ్ళలోకి కొత్త జనం వచ్చారు: లోపలి జిల్లాల చెక్‌లు, స్లొవేకియా నుంచి వచ్చినవాళ్ళు, రోమా కుటుంబాలు. ఇల్లు వాళ్ళది కాదు, ప్రభుత్వానిది. పైకప్పు కారితే బాగుచేసేది ఎవరు? కొద్ది దూరంలోనే ముళ్ళకంచెల సరిహద్దు, అటువైపు పెట్టుబడి పెట్టే ఉద్దేశం ప్రభుత్వానికీ పెద్దగా లేదు. 1963లో ఊరి మధ్య భాగాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, సుమారు 300 కట్టడాలు అందులోకి వస్తాయి. ఇది నిజంగా మంచి పనే, దానివల్ల పాతవి కూల్చి సిమెంటు అపార్టుమెంట్లు మధ్యలో లేపలేదు, అవన్నీ చుట్టూ గట్ల మీద కట్టారు. కానీ ప్రకటన వేరు, సున్నం బస్తా వేరు. కొన్ని గోడలు బాగుచేశారు, ఎన్నో ఇళ్ళు పెచ్చులూడి, కిటికీలు విరిగి 1989 దాకా అలాగే వేలాడాయి. ఆ నాటి ఫొటోలు చూస్తే ఇప్పటి ఊరికీ దానికీ పోలిక పట్టడం కష్టం.

అదే కాలంలో కోట తోటలో ఒక వింత పుట్టింది. 1958లో యోన్ బ్రెమ్స్ అనే రంగస్థల శిల్పి ఆరుబయట తిరిగే ప్రేక్షకశాల పెట్టాడు. వేదిక కదలదు, ప్రేక్షకులు కూర్చున్న గ్యాలరీయే గుండ్రంగా తిరుగుతుంది, చెట్లు, పొదలు, వెనకాల బెల్లారియే అనే విహారభవనం, అన్నీ వంతులవారీగా వేదికలవుతాయి. మొదట్లో చిన్నది, మనుషులే తోసేవాళ్ళు, ఇప్పుడున్నది ఆరువందల మందికి పైగా పట్టే మోటారు యంత్రం. చెక్ జనానికి అదంటే ప్రాణం, టికెట్లు దొరకవు. యునెస్కోకి మాత్రం కంట్లో నలుసు, బరోక్ (17, 18 శతాబ్దాల రాచ శైలి) తోట మధ్యలో ఆ ఇనప గిన్నె ఏమిటి, తీసేయండి అని ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చింది. ఇది పైకి చిన్న గొడవలా ఉంటుంది గానీ వారసత్వం అనే మాటలోని చిక్కంతా ఇక్కడే ఉంది. 1766 నాటకశాలకి తాళం వేశారు కాబట్టి అది వారసత్వం, 1958 నాటకశాలలో ఇంకా నాటకాలు ఆడుతున్నారు కాబట్టి అది సమస్య. నన్నడిగితే ఉంచేయమంటాను, కానీ తోటని ఆ యంత్రం లేకుండా ఒక్కసారైనా చూడాలనుకునేవాళ్ళ బాధ కూడా అర్థమవుతుంది.

1989లో కమ్యూనిస్టు పాలన కూలింది, లాక్కున్న ఆస్తులు వెనక్కిచ్చే చట్టాలు వచ్చాయి. ఇక్కడో తేదీ గుర్తుపెట్టుకోవాలి: 25 ఫిబ్రవరి 1948, కమ్యూనిస్టులు అధికారం పట్టిన రోజు. ఆ తర్వాత పోయిన ఆస్తికే వాపసు, ముందు పోయినదానికి లేదు. జర్మన్ల ఇళ్ళు పోయింది 1945, 46లో, ష్వార్జెన్‌బర్గ్‌ల కోట పోయింది 1947లో. రెండూ గీతకి అవతలే పడ్డాయి. మిగతా చెక్ ఊళ్ళలో పాత ఓనర్ల పిల్లలు వచ్చి ఇళ్ళు తీసుకుంటుంటే క్రుమ్లోవ్‌లో అడిగే హక్కున్నవాళ్ళు కొద్దిమందే. కోట ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది, వంశం తాలూకు వారసులు కోర్టుల చుట్టూ తిరిగారు. ఊళ్ళో ఇళ్ళు చాలావరకు మునిసిపాలిటీ చేతికొచ్చాయి.

ఖజానాలో డబ్బుల్లేని మునిసిపాలిటీ చేతిలో పదుల కొద్దీ శిథిలమైన పాత ఇళ్ళు ఉంటే ఏం చేస్తుంది? కొన్ని అభివృద్ధి నిధి కింద పెట్టుకుని అద్దెలకిచ్చింది, కొన్ని బాగుచేస్తామన్నవాళ్ళకి అమ్మింది. కొన్నవాళ్ళ వైపు నుంచి లెక్క వేయండి. రక్షిత కట్టడం కాబట్టి ప్లాస్టిక్ కిటికీ కుదరదు, చెక్కదే పెట్టాలి, సిమెంటు పూత కుదరదు, సున్నమే పూయాలి, గోడ గీకితే కింద పాత చిత్రం బయటపడితే పని ఆపి నిపుణుల్ని పిలవాలి, ప్రతిదానికీ అనుమతి కావాలి. అంత ఖర్చు పెట్టిన ఇంట్లో ఒక టీచరు కుటుంబం అద్దెకుంటే ఎప్పటికి తీరుతుంది? పైన ఆరు గదులు లాడ్జి, కింద రెస్టారెంటు పెడితే తీరుతుంది. అందుకని ఇల్లిల్లూ అదే అయింది. గోడని కాపాడే నిబంధనలే గోడ వెనక మనిషిని గెంటేశాయని కొందరంటారు. నేనైతే అంత దూరం పోను, నిబంధన లేకపోతే గోడా ఉండేది కాదు, మనిషీ ఉండేవాడు కాదు. కానీ గోడకి చట్టం ఉన్నట్టు కిరాణా కొట్టుకి, మంగలి షాపుకి చట్టం లేదన్నది మాత్రం నిజం.

2002 ఆగస్టు వరదల్లో వల్తావా ఊళ్ళోకొచ్చింది, నది ఒడ్డు ఇళ్ళన్నీ మునిగాయి. అయినా టూరిజం ఆగలేదు, ఆ తర్వాతే ఇంకా ఊపందుకుంది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌కీ ప్రాగ్‌కీ మధ్య దారిలో పడుతుంది కాబట్టి చైనా, కొరియా, తైవాన్ బృందాల బస్సులు వరసకట్టాయి. దిగడం, జెండా వెనక నడవడం, కందకంలో ఎలుగుబంట్లని చూడడం (అవును, కోట కందకంలో నిజంగానే ఎలుగుబంట్లని పెంచుతూ వచ్చారు), మెడనొప్పి పుట్టేలా బురుజుని ఫొటో తీయడం, రెండు మూడు గంటల్లో బస్సెక్కేయడం. వీధుల్లో చుట్టచుట్టి కాల్చి పంచదార అద్దిన ట్రడెల్నిక్ అనే రొట్టె వాసన, "పురాతన బొహీమియా వంటకం" అని బోర్డు (బొహీమియా అంటే చెక్ ప్రాంతానికి పాత పేరు). ఆ రొట్టెకి రక్షిత గుర్తింపున్నది పక్క దేశం స్లొవేకియాలోని స్కాలిత్సా అనే ఊరి పేరు మీద, చెక్ అమ్మమ్మలనడిగితే మా చిన్నప్పుడు ఎక్కడుందది అంటారు. గోడల మీద రాయి బొమ్మ గీసిన ఊరే కదా, సర్దుకుపోవచ్చు. 2019 నుంచి టూరిస్టు బస్సులు ముందే బుక్ చేసుకుని, రుసుం కట్టి, చెప్పిన చోటే దించాలన్న పద్ధతి పెట్టారు.

చెక్‌లకి మాత్రం ఈ ఊరితో ఇంకో లావాదేవీ ఉంది, అది బ్రోచర్లలో తక్కువ. వేసవిలో వల్తావా మీద పడవలేసుకుని రోజుల తరబడి తెడ్డేస్తూ దిగువకి వెళ్ళడం అక్కడ ఓ జాతీయ సరదా. ఒకరికొకరు ఎదురైతే ముక్కూమొహం తెలియకపోయినా "అహోయ్" అని అరవాలి. ఊరి మధ్యలో ఆనకట్టల పక్కన పడవ జారేందుకు జాలు ఉంటుంది, దాంట్లో ఎవరి పడవ బోల్తా పడుతుందా అని వంతెన మీద బీరు పట్టుకుని జనం కాచుక్కూర్చుంటారు. తడిసిన నిక్కర్లతో, చెప్పుల్లేకుండా వాళ్ళు ఆ రాతి వీధుల్లోకి ఎక్కి వస్తుంటే ఇస్త్రీ బట్టల టూరిస్టులు పక్కకి తప్పుకుంటారు.

ఊళ్ళో పగలంతా కాలు పెట్టడానికి చోటు లేకపోయినా ఆ మెలిక లోపల కాపురాలు ఏడాదికేడాది తగ్గిపోయాయి. దీని మీద 2018లో కాటెర్జినా షెడా అనే చెక్ కళాకారిణి ఒక ప్రాజెక్టు చేసింది, ఆ ఏడాది వెనిస్ ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో చెక్, స్లొవేకియాల తరఫున పెట్టింది కూడా దాన్నే. పేరు "ఉనెస్-త్సో". యునెస్కో స్పెల్లింగునే మధ్యలో విరిచింది, అలా విరిస్తే చెక్ భాషలో "ఎత్తుకుపో, ఏదో ఒకటి" లాంటి అర్థం వస్తుంది. ఆమె చేసింది ఏమిటంటే, కుటుంబాలని ఉద్యోగంలోకి తీసుకుని, పాత ఊరి మధ్యలో ఇల్లిచ్చి, జీతమిచ్చి మామూలుగా బతకమంది. అదే డ్యూటీ. బట్టలు ఉతికి ఆరేయాలి, పిల్లలు వీధిలో ఆడుకోవాలి, గుమ్మం ముందు ఊడవాలి, పక్కింటివాళ్ళతో నిలబడి కబుర్లు చెప్పుకోవాలి. టూరిస్టులు ఆగి, తాడు మీద ఆరేసిన బట్టల్ని ఫొటోలు తీసుకున్నారు. గడువు అయ్యాక ఆ కుటుంబాలు తాళం చెవులు అప్పజెప్పి ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయాయి.